'లైన్'కి గీత అనాలా, రేఖ అనాలా?

అందరికీ నమస్కారం. మా మేనకోడలు డ్రాయింగ్ క్లాసుకి వెళ్తోంది, అక్కడ ఇచ్చిన కాగితంలో ఏ బొమ్మకైనా మూలం ఈ ఏడే అని లైన్, షేప్, ఫామ్, స్పేస్, టెక్స్చర్, వాల్యూ, కలర్ అని ఉంది. ఇవి తెలుగులో రాసివ్వు మామయ్యా అంది. సరే అని కూర్చుంటే మొదటిదాని దగ్గరే ఆగిపోయా.

పుస్తకాల్లో రేఖ అనే ఉంటుంది. లేఖ అన్నా రేఖ అన్నా మూలం ఒకటే, రలయోరభేదః, అంటే ర, ల ఒకటే అంటారు కదా, అందుకే చిత్రలేఖనం అన్నామంటే బొమ్మని రాస్తున్నాం అన్నట్టే. ఇదేదో పాత సంస్కృతం సంగతి అనుకోకండి, శ్రీకాళహస్తి కలంకారీని ఇప్పటికీ వ్రాతపని అంటారు. మచిలీపట్నం, పెడన వైపు చెక్క అచ్చులతో చేసేది అద్దకం, కాళహస్తిలో కలంతో చేసేది వ్రాతపని. నూలుగుడ్డని కరక్కాయ, గేదెపాలు కలిపినదాంట్లో ముంచి ఆరేస్తారు, పాలలో కొవ్వు ఉండబట్టి సిరా పాకదు. కాల్చిన చింతపుల్లల బొగ్గుతో ముందు బొమ్మ వేసుకుని ఆ తర్వాత కలం పడతారు. కలం అంటే మొన చెక్కిన వెదురుపుల్ల, మొనకి కాస్త పైన గుడ్డో ఊలో చుట్టి దారం కట్టి ఉంటుంది. దాన్ని కసింలో ముంచి, చుట్టని వేళ్లతో నొక్కుతూ లాగుతారు. కసిం అంటే బెల్లం నీళ్లలో తుప్పు పట్టిన ఇనుప ముక్కలు రోజుల తరబడి ఊరబెట్టిన నీళ్లు, అది గుడ్డలో ఉన్న కరక్కాయ వగరుకి తగిలేసరికి నల్లబడుతుంది. దీన్ని రాత అనకపోతే ఇంకేమంటాం చెప్పండి.

మరి గీయడమో? గడ్డం గీస్తాం, బంగారాన్ని గీటురాయి మీద గీసి చూస్తాం, అంటే అందులో ఒరుసుకుపోవడం ఉంది, అంచు ఉంది. కాబట్టి నా లెక్కలో పెన్సిల్‌తో వచ్చేది గీత, కలంతో కుంచెతో వచ్చేది రాత. రేఖ తప్పని నేననను గానీ తొమ్మిదేళ్ల పిల్లకి ముందు చెప్పాల్సిన మాట అది కాదు.

ఇంక నాకు బాగా నచ్చింది వాల్యూ, అంటే రంగు ఎంత వెలుగో ఎంత చీకటో చెప్పేది. దీనికి ఛాయ అని రాస్తుంటారు, కానీ ఛాయ అంటే నీడా అవుతుంది, ఒంటి రంగూ అవుతుంది. మనింట్లో రోజూ అనే మాట లేత, ముదురు. లేత నీలం, ముదురు నీలం. బెండకాయ లేతగా ఉందా ముదిరిందా అని విరిచి చూసే మాటే రంగుకీ వాడుతున్నాం, ఇంతకన్నా చక్కటి మాట ఏ నిఘంటువులో దొరుకుతుంది? షేప్, ఫామ్ పెద్ద కష్టం కాదు, సున్నా ఆకారం, ఉండ రూపం, అలా చూపిస్తే పిల్లలకి తెలిసిపోతుంది. స్పేస్, టెక్స్చర్ దగ్గర మాత్రం మీ సాయం కావాలి.

జవాబు:
అన్నా, గీసుడు గురించి మంచిగ చెప్పిన్రు. మా దిక్కు కల్లు కోసం తాళ్లు గీస్తరు, గీత కార్మికులు అనే పేరే అందులకెళ్లి వచ్చింది. కత్తితోని గెలను పల్చగ చెక్కుడే గీసుడు, మీరన్న అంచు గిదే. చేర్యాల పటాలు చూసిన్రా? గుడ్డకు సుద్ద, చింతగింజల జిగురు పట్టిచ్చి నున్నగ చేసి మీద బొమ్మలేస్తరు, బొమ్మల చుట్టూ నేపథ్యం అంత ఎర్రగ ఉంటది. టెక్స్చర్‌కు ఒక్క మాట ఎందుకన్నా, నున్నగ, గరుకుగ, బరకగ అని చేతికి తగిలినట్టు చెప్తే పాయె.

నా జవాబు:
బరక! తమ్ముడూ, ఈ మాట నాకెందుకు తట్టలేదో. మా అమ్మ ముగ్గుపిండి కొనేటప్పుడు చిటికెడు తీసుకుని వేళ్ల మధ్య నలిపి చూసేది, మరీ మెత్తనిది వేళ్లకి అంటుకుని సరిగ్గా జారదు, కాస్త బరకగా ఉంటేనే ధార తెగకుండా పడుతుంది. ముగ్గు అనగానే స్పేస్‌కి కూడా మాట దొరికింది. 11 చుక్కలు, సందు చుక్క 6 వరకు అంటాం కదా. 11 చుక్కల వరుస పెట్టి, పై వరుస చుక్కలు సరిగ్గా కింది రెండు చుక్కల సందులో పెడతాం, అలా ఒక్కొక్కటి తగ్గుతూ 6కి వస్తాం, కింది వైపూ అంతే. ముందు ఖాళీని లెక్కపెట్టి ఆ తర్వాతే గీత మొదలుపెడతాం అన్నమాట. అవకాశం, అంతరాళం అని రాసినవి కొట్టేసి 'సందు' అని రాశా. ఉత్తరాంధ్ర వాళ్లు, సీమ వాళ్లు మీ వైపు ఈ సందు చుక్కని ఏమంటారో చెప్పండి, ఆదివారం లోపు కాగితం ఇచ్చేయాలి.