11–0 మీద ఉన్నప్పుడు నాలుగో లైన్ అమ్మాయి గోల్ కొట్టకూడదా?

బెజవాడ నాన్న:

అందరికీ నమస్కారం. కాస్త ఓపికగా చదివి, మొహమాటం లేకుండా చెప్పండి.

మా అమ్మాయి న్యూయార్క్ రాష్ట్రంలో ఉత్తరాన ఒక చిన్న కాలేజీలో చదువుతోంది. అక్కడి మహిళల ఐస్ హాకీ జట్టులో ఆడుతుంది. మూడో డివిజన్ కాబట్టి ఆట పేరు మీద స్కాలర్‌షిప్ పైసా కూడా రాదు. తను నాలుగో లైన్. దాడి చేసే ముగ్గురేసి ఆటగాళ్లను వంతులవారీగా మంచు మీదికి దింపుతారు, ఆ గుంపును లైన్ అంటారు. నాలుగోది అంటే పెళ్లి భోజనాల్లో ఆఖరి పంక్తి అనుకోండి, విస్తరి వేస్తారు కానీ అప్పటికి బూరెలు అయిపోతాయి.

పోయిన శనివారం మావాళ్ల మీదికి వచ్చిన జట్టు కొత్తగా పెట్టినది. ఒకే ఒక్క గోలీ (గోల్ కాపలా కాసే అమ్మాయి), పదమూడు మంది స్కేటర్లు. మావాళ్లు పద్దెనిమిది మంది. రెండో పీరియడ్ ముగిసేసరికి 9–0. మూడో పీరియడ్‌లో మా కోచ్ మొదటి లైన్‌ను బెంచీ మీదే కూర్చోబెట్టేశారు. అయినా ఇంకో రెండు పడ్డాయి. ఏడు నిమిషాలు మిగిలి ఉందనగా గోలీ ఆపిన పక్ (ఆడే రబ్బరు బిళ్ల) ఎగిరొచ్చి సరిగ్గా మా అమ్మాయి కర్ర ముందు పడింది. కొట్టింది. 12–0. కాలేజీలో తనకు అదే మొదటి గోల్.

మొదటి గోల్ కొట్టిన పక్‌ను దాచి ఇవ్వడం ఇక్కడ ఆనవాయితీ. తోటి అమ్మాయి ఒకతె వంగి, ఆ గోలీ కాళ్ల పక్క నుంచే పక్ తీసుకుని బెంచీకి తెచ్చింది. హారన్ మోగింది, పాట వేశారు, బెంచీ అంతా లేచి గంతులు. ఆట అయ్యాక మెట్ల దగ్గర అవతలి జట్టు తల్లి ఒకావిడ నన్ను ఆపి, "పన్నెండు చాలలేదా, జ్ఞాపిక కూడా కావాలా?" అని అడిగి వెళ్లిపోయారు. కారెక్కాక చూస్తే మా ఆవిడదీ అదే మాట. షాట్ కొట్టకుండా వెనక్కి పాస్ ఇచ్చి ఉండాల్సిందట.

తెల్లవారకముందే ప్రాక్టీసుకు లేచి, ఆట రోజున నాలుగైదు నిమిషాలు మంచు మీదికి దిగే పిల్ల, గోల్ ఎదురుగా పక్ పడితే చేతులు కట్టుకుని నిలబడాలా? హాకీ తెలిసినవాళ్లు చెప్పండి. తెలియనివాళ్లు కూడా చెప్పవచ్చు, మా ఇంట్లో తీర్పు అలాగే వచ్చింది.

గోపాల్, విశాఖ:

హాకీ నాకు తెలియదు. కానీ టెస్టు క్రికెట్‌లో పరుగులు చాలనుకుంటే డిక్లేర్ చేస్తారు. అమెరికా కాలేజీ సాఫ్ట్‌బాల్‌లో కూడా ఐదు ఇన్నింగ్స్ తర్వాత ఎనిమిది పరుగుల తేడా ఉంటే ఆట ముగిస్తారు కదా. హాకీకి అలాంటి ఏర్పాటు ఏదీ లేదా? ఉంటే మీ ఇంట్లో ఈ గొడవే వచ్చేది కాదు.

స్కోరర్, మిన్నెసోటా:

గోపాల్ గారూ, కాలేజీ హాకీలో లేదు. హైస్కూలు ఆటల్లో చాలాచోట్ల తేడా బాగా పెరిగితే గడియారం ఆపకుండా నడిపిస్తారు, విజిల్ పడినా ఆగదు, ఆట తొందరగా తెమిలిపోతుంది. కాలేజీకి వచ్చాక 1–0 అయినా 12–0 అయినా మూడు ఇరవై నిమిషాలూ పూర్తిగా ఆడాలి, విజిల్ పడిన ప్రతిసారీ గడియారం ఆపాలి.

నాన్న గారూ, నేను ఇక్కడ ఒక కాలేజీ రింక్‌లో రెండు పెనాల్టీ బాక్సుల మధ్య కూర్చుని స్కోరు రాసే మనిషిని. వారమంతా కంప్యూటర్ ముందు ఉద్యోగం, చలికాలం వారాంతాల్లో ఇది. గోల్ పడగానే రిఫరీ గాజు దగ్గరికి వచ్చి కొట్టినవారి నంబరు, పక్ అందించినవారి నంబర్లు చెబుతాడు, నేను కాగితం మీద ఎక్కిస్తాను. ఏకపక్షంగా సాగే ఆటలో నేను చూసేది ఆ నంబర్లే. ఎనిమిదో గోల్ దగ్గరికి వచ్చేసరికి ఆ రాత్రి అంతవరకు నేను రాయని నంబర్లు వస్తుంటే ఆ కోచ్ పెద్దమనిషి. మొదటి గోల్ కొట్టిన నంబరే తొమ్మిదోదీ కొడితే, అదీ పవర్ ప్లేలో కొడితే, నాకు కలం గిరాటు వేయాలనిపిస్తుంది. అవతలి జట్టులో ఒకరు పెనాల్టీ మీద రెండు నిమిషాలు బయట కూర్చున్నప్పుడు, అప్పటికే 8–0 మీద ఉండి, మళ్లీ తన మేటి అయిదుగురిని ఏరి పంపే కోచ్‌ను ఏమనాలి? అలాంటివాళ్లు ఉన్నారు. ఆట అయ్యాక చేయి కలిపేటప్పుడు అవతలి కోచ్ వాళ్ల ముఖం చూడడు.

కాగితం మీదికి రాని మర్యాదలు ఇంకొన్ని ఉన్నాయి. అవతలివాళ్లు తమ గోల్ వెనక నుంచి పక్ బయటికి తెచ్చుకుంటుంటే మీద పడకుండా మధ్య గీత దాకా వెనక్కి రావడం, డిఫెన్స్ ఆడేవాళ్లు దాడిలోకి దూకకపోవడం వంటివి. ప్రేక్షకులు గమనించరు. బెంచీ మీద ఉన్నవాళ్లకు మాత్రం ఇట్టే తెలిసిపోతుంది.

ఇక మీ ఆవిడ గారి మాట. ఆవిడ మంచి మనసుతోనే అన్నారు, కానీ అది చేస్తే జరిగేది వేరు. ఒకసారి 10–0 మీద ఉన్న ఒక జట్టు, షాట్ కొట్టవద్దని కోచ్ చెప్పాడు కాబోలు, పక్‌ను తమలో తామే తిప్పుకుంటూ ఉండిపోయింది. స్టాండ్స్‌లో నవ్వులు మొదలయ్యాయి. అవతలి గోలీ పాపం, రాని షాట్ కోసం ఈ స్తంభం నుంచి ఆ స్తంభానికి జరుగుతూనే ఉంది. వాళ్ల డిఫెన్స్ అమ్మాయి ఒకతె కర్రను బోర్డుకేసి కొట్టి మరీ బెంచీకి వెళ్లింది. ఆ రాత్రి పడిన పది గోల్స్‌కూ వాళ్లకు అంత కోపం రాలేదు. మీ అమ్మాయి కొట్టడమే సరైన పని.

నేను తప్పు పట్టేది హారన్‌ను. గోల్ వెనక ఎర్ర దీపం వెలగాలన్నది నిబంధన. హారన్, పాట సొంత ఊరి జట్టు సరదా కోసం పెట్టుకున్నవి. మా దగ్గర ఆరు గోల్స్ దాటాక అవి వేయవద్దని నేనే అనౌన్సర్ చెవిలో వేస్తాను. పక్‌కు కూడా ఇంకో పద్ధతి ఉంది. లైన్స్‌మన్ (రిఫరీకి సాయంగా ఉండే అధికారి) ఎలాగూ నెట్ లోంచి పక్ తీస్తాడు. మీ కెప్టెన్ ఒక్క మాట చెబితే దాన్ని తెచ్చి బెంచీ మీద పెట్టి, ఇంకో పక్‌తో ఆట మొదలుపెడతాడు. గోలీ ముందు ఎవరూ వంగక్కరలేదు.

పన్నెండు కొట్టినా ఒకటే, రెండు కొట్టినా ఒకటే అని కూడా గుర్తుంచుకోండి. జాతీయ టోర్నమెంటుకు జట్లను ఎంచే లెక్కలో గెలుపోటములు, ప్రత్యర్థుల బలం చూస్తారు తప్ప గోల్స్ తేడా చూడరు. ఎక్కువ కొట్టి కోచ్ బావుకునేది ఏమీ లేదు. అంతర్జాతీయ టోర్నమెంట్లలో మాత్రం పాయింట్లు సమానమైతే ఆ తేడా అక్కరకు రావచ్చు, అందుకని అక్కడ కనికరం తక్కువ. 2008లో లాత్వియాలోని లియెపాయాలో, ఒలింపిక్స్ అర్హత పోటీల్లో స్లొవేకియా మహిళలు బల్గేరియాను 82–0తో ఓడించారు. ఆ పోటీల్లో బల్గేరియా మొత్తం 192 గోల్స్ ఇచ్చుకుని ఒక్కటి కొట్టింది, అదీ క్రొయేషియా మీద. ఆ ఒక్క పక్‌ను వాళ్లు దాచుకోకుండా ఉంటారా?

నన్నడిగితే ఇలాంటి ఆటలు షెడ్యూలు రాసే గదిలోనే పాడవుతాయి. మా మిన్నెసోటా సంగతే చూడండి. 2017లో ఇక్కడి సెయింట్ థామస్ కాలేజీ వాళ్లు అమెరికన్ ఫుట్‌బాల్‌లో సెయింట్ ఓలాఫ్ కాలేజీ మీద 97–0తో గెలిచారు. రాష్ట్రమంతా గగ్గోలు. 2019లో కాన్ఫరెన్స్, అంటే ఆ కాలేజీలన్నీ కలిసి ఆడే లీగ్, సెయింట్ థామస్‌ను సాగనంపాలని నిర్ణయించింది, మిగతా కాలేజీలతో పోటీ సమంగా ఉండడం లేదని. 2021లో వాళ్లు మూడో డివిజన్ నుంచి ఏకంగా మొదటి డివిజన్‌కు వెళ్లారు. ఆ మొదటి చలికాలం వాళ్ల పురుషుల హాకీ జట్టు 36 ఆటల్లో 3 గెలిచింది. ఇక్కడ కొందరు లోలోపల సంబరపడ్డారు, నాకైతే అది కూడా నచ్చలేదు. పదమూడు మందితో వచ్చిన కొత్త జట్టును పెద్ద జట్టు ముందు నిలబెట్టి, తర్వాత ఆడపిల్లల సంస్కారం మీద చర్చ పెట్టడం పెద్దవాళ్లకు బాగా అలవాటైంది.

గోలీ అమ్మ, మసాచుసెట్స్:

మా అమ్మాయి ఓడే జట్టులో గోలీ. మెట్ల దగ్గర మిమ్మల్ని అడిగినావిడను నేను కాను, కానీ అయ్యుండవచ్చు. యాభై షాట్లు దాటిన రాత్రి నాకు ఎవరిని చూసినా కోపమే.

మా పిల్లను అడిగాను, నాలుగో లైన్ వాళ్లు కొడితే నీకు కోపం వస్తుందా అని. రాదట. ఎదుటివాళ్లు జాలిపడి నెమ్మదిగా షాట్ కొడితే మాత్రం ఒళ్లు మండుతుందట. రెండో గోలీ లేదు కాబట్టి మధ్యలో తీసేయమని అడిగే వీలు కూడా లేదు, ఉన్నా అడగదు, మొండిది. ఆట చివర చేతులు కలిపే వరసలో ఎదుటివాళ్లు గోలీ కాళ్ల ప్యాడ్లను కర్రతో తట్టి వెళతారు. ఒకసారి అవతలి కెప్టెన్ ఆగి, రెండో పీరియడ్‌లో తన షాట్‌ను గ్లవ్‌తో ఎలా పట్టావని అడిగిందట. ఇంటికి ఫోను చేసి ఆ ఒక్క సంగతే చెప్పింది. స్కోరు నేను కంప్యూటర్‌లో చూసుకున్నాను.

పక్ తీసిన పద్ధతి గురించి స్కోరర్ గారు చెప్పిందే నా మాట. తన ముందే నెట్ లోంచి తీస్తే గుచ్చుకుంటుంది.

బెజవాడ నాన్న:

అందరికీ కృతజ్ఞతలు. మా ఆవిడకు మొత్తం చదివి వినిపించాను. పాస్ విషయంలో ఒప్పుకుంది, హారన్ విషయంలో "నేనూ అదే అన్నాను" అంటోంది. అనలేదు. స్కోరర్ గారూ, హారన్ గురించి కోచ్‌కు రాయవచ్చా? తల్లిదండ్రులు తలదూరిస్తే పిల్లకున్న ఆ నాలుగు నిమిషాలు కూడా పోతాయేమోనని భయం.

స్కోరర్, మిన్నెసోటా:

కోచ్‌కు అసలు రాయకండి. హారన్ ఆయన చేతిలో ఉండదు. ఆట రోజు ఏర్పాట్లు చూసేవారు ఒకరు అథ్లెటిక్స్ ఆఫీసులో ఉంటారు, వారికి చెప్పండి. ఈమెయిల్ వద్దు, ఆటకు అరగంట ముందు వెళితే స్కోరుబల్ల చుట్టుపక్కలే తిరుగుతూ కనిపిస్తారు. అమ్మాయి పేరు ఎత్తకండి. పాటలు వేసేది చాలాచోట్ల అక్కడి విద్యార్థే, ఆరు దాటాక ఆపమంటే ఆపేస్తాడు.