బర్మా యుద్ధం నాటి త్రీనాట్‌త్రీ: ఇంట్లో ప్రదర్శనకు పేలని నమూనా ఏది మంచిది?

గూడెం వాసి:

మా తాతగారు రెండవ ప్రపంచ యుద్ధంలో బర్మా వైపు పనిచేసి వచ్చిన సిపాయి. మాది తాడేపల్లిగూడెం పక్కన పల్లె. ఇంటింటి నుంచీ సైన్యంలో చేరిన ఊరుగా పేరున్న మిలిటరీ మాధవరం సంగతి విన్నవారికి ఈ చుట్టుపక్కల ఇళ్ళలో పాత పతకాలు ఎందుకు ఉంటాయో వేరే చెప్పనక్కరలేదు. తాతగారి పతకాలు, డిశ్చార్జి పుస్తకం, యూనిఫారంలో దిగిన ఫొటో మా దగ్గర భద్రంగా ఉన్నాయి. వీటన్నిటినీ ముందుగదిలో అద్దాల బీరువాలో అమర్చి, ఆనాటి సిపాయిలు మోసిన త్రీనాట్‌త్రీ రైఫిలు నమూనా ఒకటి, ఏ విధంగానూ పేలనిది, వాటి వెనుక గోడకు పెట్టాలని నా కోరిక. నేను బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యాను. ఊరి పిల్లలు వచ్చి చూసినప్పుడు తప్పుడు వస్తువు చూపించకూడదన్నది నా పట్టుదల. త్రీనాట్‌త్రీలో చాలా రకాలున్నాయని విన్నాను. బర్మాలో మన సిపాయిల చేతిలో ఉన్నది ఏది? జింకు పోతతో చేసిన విదేశీ నమూనా తెప్పించుకోవడం మంచిదా, ఇక్కడే చేయించుకోవడం మంచిదా? చట్టపరంగా ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరు.

పాత ఇనుము:

మాస్టారూ, నమస్కారం. ముందుగా పతకాలను వెనక్కి తిప్పి చూడండి. బ్రిటిష్ సైనికులకు ఇచ్చిన రెండవ ప్రపంచ యుద్ధపు స్టార్ పతకాల మీద పేర్లు వేయలేదు గాని, భారత సైనికులకు ఇచ్చిన వాటి మీద సాధారణంగా సిపాయి సంఖ్య, హోదా, పేరు, దళం పొట్టి అక్షరాలలో ఉంటాయి. ఆర్.ఐ.ఎ.ఎస్.సి. అని ఉంటే రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్ అన్నమాట. మన తెలుగువారు చాలామంది చేరిన మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్ (సైన్యంలో ఇంజనీరింగు పనులు చేసే దళం) అయితే ఆ పేరు ఉంటుంది. డిశ్చార్జి పుస్తకంతో దానిని సరిచూస్తే ఆయన ఏ పనిలో, ఎప్పుడు ఉన్నారో తేలుతుంది. ఏ నమూనా పెట్టాలన్నది అక్కడి నుంచే నిర్ణయం కావాలి.

బర్మా రంగంలో భారత దళాల చేతిలో ఎక్కువగా ఉన్న త్రీనాట్‌త్రీ (.303 అంగుళాల తూటా వాడే రైఫిలు) లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 1 మార్క్ 3 స్టార్. మార్క్ 3 రకం 1907లో వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో తయారీ వేగం పెంచడం కోసం దానిలో కొన్ని భాగాలు తీసేయగా వచ్చినదే స్టార్ గుర్తున్న రకం. కలకత్తా దగ్గర హుగ్లీ ఒడ్డునున్న ఇషాపూర్ రైఫిలు కర్మాగారం దీనిని పెద్దఎత్తున తయారుచేసింది. తేడాను కంటితో పట్టుకోవచ్చు. పాత మార్క్ 3లో ముందు చెక్కకు ఎడమ పక్కన, చాలా దూరాన ఉన్న గుంపుల మీద కాల్పులకు వాడే గుండ్రని పళ్ళెం లాంటి అదనపు సైటు (గురి చూసే భాగం) ఉంటుంది. మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) పైన తూటాలు అందకుండా అడ్డుపడే రేకు ఉంటుంది. స్టార్ రకంలో ఈ రెండూ లేవు. విదేశీ నమూనాల ప్రకటనల్లో 1907 అనే సంవత్సరం కనిపించగానే తొందరపడకుండా, ఎడమ పక్క ఫొటో అడిగి చూడండి.

మరో రెండు రకాలతో దీనిని కలపకూడదు. నంబర్ 4 రైఫిలులో గొట్టం మూతి ముందుకు పొడుచుకు వచ్చి కనిపిస్తుంది. నంబర్ 1లో ముక్కు దగ్గరి లోహపు తొడుగు గొట్టం చివరి దాకా వచ్చి మొండిగా ముగుస్తుంది. ఈ మొండి ముక్కే నంబర్ 1కి ఆనవాలు. ఇక రెండవది, 1960లలో ఇషాపూర్‌లోనే 7.62 మిల్లీమీటర్ల తూటాకు తయారైన 2ఎ, 2ఎ1 రకాలు. వీటి మ్యాగజైన్ పలకగా, 12 తూటాలు పట్టేలా ఉంటుంది. ఇంటర్నెట్టులో భారత సైనికుడి రైఫిలు అని వెతికితే చాలాసార్లు ఈ బొమ్మే వస్తుంది. మీ తాతగారి కాలానికి ఇది అసలు పుట్టలేదు.

కొలతలు చెబుతాను. మొత్తం పొడవు 44.5 అంగుళాలు, గొట్టం 25.2 అంగుళాలు, బరువు నాలుగు కిలోలకు కొంచెం తక్కువ, మ్యాగజైన్‌లో 10 తూటాలు. బాయ్‌నెట్ కూడా పెట్టాలనుకుంటే, 1907 రకానికి 17 అంగుళాల అలుగు ఉండేది. రెండవ యుద్ధ కాలంలో మన దేశంలో దానిని 12 అంగుళాలకు కుదించారు. బర్మా ప్రదర్శనకు ఆ పొట్టిదే సరిపోతుంది. అయితే అది నిజంగా పదునున్న ఆయుధం కాబట్టి, దానికీ చెక్క నమూనాయే పెట్టుకోండి.

లీడ్స్ తెలుగు:

నేను ఉండే ఊళ్ళోనే 1996లో తెరిచిన రాయల్ ఆర్మరీస్ మ్యూజియం ఉంది. లీ-ఎన్‌ఫీల్డులను అక్కడ దగ్గరగా చూడవచ్చు. ఇక్కడి పరిస్థితి మీకు పోలికకు పనికివస్తుందని రాస్తున్నాను. బ్రిటన్‌లో 2006 నాటి చట్టం తరువాత అసలుదానిలా కనిపించే నమూనా తుపాకులను తయారుచేయడం, అమ్మడం, దిగుమతి చేసుకోవడం నేరం. మ్యూజియాలు, నాటకాలు, సినిమాలు, చారిత్రక యుద్ధ ప్రదర్శనలు వంటివాటికే మినహాయింపు ఉంది. 1870కి ముందరి రూపకల్పన అయితే ఆ నిషేధం వర్తించదు. అందుకే చెకుముకి రాయితో పేలే పాత పిస్టళ్ళ నమూనాలు ఇక్కడ స్వేచ్ఛగా దొరుకుతాయి, త్రీనాట్‌త్రీ నమూనా అలా దొరకదు. ఇక్కడి సేకర్తలు ఎక్కువగా అసలు రైఫిలునే ప్రూఫ్ హౌస్ (తుపాకులను అధికారికంగా పరీక్షించే సంస్థ) చేత శాశ్వతంగా పనికిరాకుండా చేయించి, ధ్రువపత్రంతో కొనుక్కుంటారు. 2016 నుంచి ఆ ప్రమాణాలు మరీ కఠినమై, కదిలే భాగాలను వెల్డింగు చేసేస్తున్నారు.

మాస్టారు గారికి నా మనవి ఒక్కటే. ఇక్కడి నుంచి అలాంటి వెల్డింగు రైఫిలును బంధువుల చేత తెప్పించుకోవాలన్న ఆలోచన పెట్టుకోకండి. ఇక్కడి ధ్రువపత్రం భారత కస్టమ్స్‌ను కట్టిపడేయదు. పైగా ఏ నమూనా అయినా సరే, అది ప్లాస్టిక్‌దైనా, విమానంలో చేతిసంచీలోకి అనుమతించరు.

కోర్టు పక్షి:

చట్టం వరకు క్లుప్తంగా చెబుతాను. 1959 నాటి ఆయుధాల చట్టం 6వ సెక్షను ప్రకారం నకలు తుపాకీని పనిచేసే తుపాకీగా మార్చడానికి లైసెన్సు కావాలి. లేకుండా మారిస్తే శిక్ష చాలా తీవ్రం. 45వ సెక్షను సి ఖండం, కాలం చెల్లిన లేదా పురాతన విలువ ఉన్న ఆయుధానికి మినహాయింపు ఇస్తుంది గాని, అది మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా పనికిరానిదై ఉండాలన్న షరతు ఉంది. కవాతు కోసం గొట్టానికి చిల్లు పెట్టిన పాత రైఫిలు ఉందని ఎవరైనా అమ్మజూపితే ఆ షరతు నెగ్గుతుందని అనుకోవద్దు, వెంటనే వద్దనండి. 2016 నాటి ఆయుధ నియమావళి నకలు తుపాకులను కూడా ప్రస్తావించింది. అందువల్ల మీరు పెట్టదలచిన వస్తువు ఫొటో, కొలతలు, అది దేనితో తయారైందో వివరిస్తూ లైసెన్సు ఇచ్చే అధికారికి, మీ జిల్లాలో కలెక్టరు గారికి, ఒక ఉత్తరం రాసి, రాతపూర్వకంగా సమాధానం తీసుకున్నాకనే ముందుకు వెళ్ళండి. తూటాలు సరే, ఖాళీ తూటా గొట్టాలు కూడా బీరువాలో పెట్టవద్దు. ఆ చట్టంలో మందుగుండు నిర్వచనం విశాలమైనది.

చెక్కపని:

నేను హైదరాబాదులో సినిమాలకు ప్రాపర్టీ సామాను చేసేవారి దగ్గర పని నేర్చుకున్నాను. జింకు పోత నమూనాల మరమ్మతు కూడా చేశాను కాబట్టి రెండింటి తేడా చెప్పగలను. జింకు పోత చూడడానికి ఉక్కులా ఉంటుంది, చేతికి బరువుగా తగులుతుంది, తుప్పు పట్టదు. కానీ అది పెళుసు. చూడడానికి వచ్చిన ప్రతివారూ బోల్టు (తూటాను గొట్టంలోకి తోసే కడ్డీ) లాగి, ట్రిగ్గర్ నొక్కి చూస్తారు. లోపల స్ప్రింగు ఆనే సన్నని కొన దగ్గర అది విరుగుతుంది, విరిగితే వెల్డింగుకు లొంగదు. గోదావరి తీరపు తేమకు, పై పూత చెక్కుకుపోయిన చోట తెల్లటి పొడి కడుతుంది. ఇత్తడి సామానులాగా చింతపండుతో తోమారంటే పులుపు జింకును తినేస్తుంది. మెత్తని పొడిగుడ్డతో తుడవడం తప్ప మరేమీ చేయకూడదు.

నా మాటగా చెప్పాలంటే, మీ అవసరానికి నిండు చెక్క నమూనాయే మేలు. గొట్టం కూడా లోపల డొల్ల లేని చెక్కకడ్డీయే. మూతి దగ్గర మాత్రం గోరంత లోతు గుంట పెట్టి నల్లరంగు వేస్తే చాలు. తుపాకీగా మార్చగలిగే భాగమేదీ అందులో ఉండదు కనుక అధికారికి వివరించడమూ తేలిక. అసలు రైఫిళ్ళ చెక్క చాలావరకు అక్రోటు. మనకు టేకు సులువుగా దొరుకుతుంది; మడమను (భుజానికి ఆనే వెనుక చెక్కను), ముందు భాగాన్ని వేరువేరుగా చెక్కించి, మధ్యలో లోహపు భాగం వచ్చే చోట నల్లరంగు చెక్క అమర్చండి. ఒకే పలక నుంచి మొత్తం కోస్తే ఎంత నైపుణ్యం ఉన్నా బొమ్మ తుపాకీ లాగే కనిపిస్తుంది, ఎందుకంటే అసలు రైఫిలులో ఆ రెండు చెక్కల మధ్య లోహపు పట్టీ స్పష్టంగా విడిగా తెలుస్తుంది. ఉప్పు కాగితంతో నునుపు చేశాక వార్నిష్ వేయవద్దు. అద్దంలా మెరిసే రైఫిలును ఏ సిపాయీ మోయలేదు. అవిసె నూనెను గుడ్డతో పలుచగా రుద్ది, పూర్తిగా ఆరనిచ్చి, మళ్ళీ రుద్దండి. నూనె పీల్చిన గుడ్డలను ముద్దగా పడేయకండి, వాటంతట అవే అంటుకునే ప్రమాదం ఉంది. విప్పి ఆరుబయట ఆరేయండి.

గూడెం వాసి:

అందరికీ కృతజ్ఞతలు. పతకం వెనుక భాగం భూతద్దంతో చూశాను. సంఖ్య తరువాత తాతగారి పేరు, చివర సాపర్స్ అండ్ మైనర్స్ అని స్పష్టంగా ఉంది. డిశ్చార్జి పుస్తకంలోనూ అదే ఉంది. విదేశీ నమూనా ఆలోచన మానుకున్నాను. కలెక్టరు గారి కార్యాలయానికి ఉత్తరం రాసి, జవాబు వచ్చాక మా ఊరి వడ్రంగి చేత టేకుతో చేయిస్తాను. రెండు సందేహాలు మిగిలాయి. లోహపు పట్టీ మీద ఇషాపూర్ ముద్ర కూడా చెక్కించవచ్చా? గోడకు ఏ వైపు కనిపించేలా పెట్టాలి?

పాత ఇనుము:

ముద్ర చెక్కించవద్దని నా అభిప్రాయం మాస్టారూ. అసలు రైఫిలులో కుడి పక్కన ఆ పట్టీ మీద కిరీటం, జి.ఆర్.ఐ. (జార్జి రాజు, చక్రవర్తి అని సూచించే లాటిన్ పొట్టి అక్షరాలు), కర్మాగారం పేరు, సంవత్సరం ఉంటాయి. వాటిని మీరు ఎంత సదుద్దేశంతో వేయించినా, తరువాతి తరంలో ఎవరో దానిని పురాతన వస్తువుగా అమ్మజూపవచ్చు. దానికి బదులు మడమ అడుగున, చేసిన సంవత్సరం, నమూనా అన్న మాట లోతుగా చెక్కించండి. ఆ ముద్ర ఎలా ఉండేదో పిల్లలకు చూపాలనుకుంటే పక్కన ఒక ఫొటో పెట్టండి.

అసలు వస్తువులు కొన్ని పెట్టడానికి మాత్రం మొహమాటపడనక్కరలేదు. ఆనాటి రైఫిలు మడమలో మూత కింద గొట్టం తుడిచే తాడు, చిన్న ఇత్తడి నూనెబుడ్డి ఉండేవి. ఆ నూనెబుడ్డి పాత సామాను అంగళ్ళలో ఇప్పటికీ కనిపిస్తుంది. ఇత్తడి కొనలున్న కాన్వాసు పట్టీ కూడా అంతే. అవి ఎవరికీ హాని చేయనివి, నిజంగా ఆ కాలానివి. వాటిని పతకాల వరుసలో ఉంచండి. నమూనాను కుడి పక్క కనిపించేలా, అంటే గొట్టం మూతి చూసేవారి కుడిచేతి వైపు ఉండేలా బిగించండి. అప్పుడు బోల్టు పిడి, మ్యాగజైన్, సైటు ఒక్క చూపులో అందుతాయి. కొక్కేలకు తగిలించకుండా రెండు చోట్ల తోలు చుట్టిన ఆధారాలు పెట్టి, పిల్లల చేతికి అందని ఎత్తులో, అద్దం లోపలే ఉంచండి. సాపర్లు వంతెనలు కట్టిన, దారులు వేసిన దళం కనుక, వీలైతే ఒక పార, ఒక గునపం కూడా దాని కింద పెట్టించండి. తాతగారి రోజువారీ పనిలో రైఫిలు కంటే ఎక్కువగా చేతిలో ఉన్నవి అవే అయి ఉండవచ్చు.