నూరేళ్లు దాటినవారి మరణానికి కారణం ‘వృద్ధాప్యం’ అని రాయవచ్చా? (మారుపేర్లతో నలుగురి చర్చ)

గోదారిగట్టు:
ఎలిజబెత్ రాణి 2022 సెప్టెంబరు 8న, 96 ఏళ్ల వయసులో పోయారు. మరణ ధ్రువపత్రంలో కారణం దగ్గర ‘వృద్ధాప్యం’ అని తప్ప మరేమీ లేదు. జపాన్‌లో 2018 నుంచి మరణ కారణాల్లో క్యాన్సర్, గుండెజబ్బుల తర్వాత మూడో స్థానం దీనిదే. నూరేళ్లు దాటిన మనిషికి నెలల తరబడి తిండి తగ్గి, నిద్ర పెరిగి, ఒకరోజు ఊపిరి ఆగితే అంతకన్నా నిజమైన కారణం ఏముంది? జబ్బు పేరు తగిలిస్తే అది ఊహే అవుతుంది.

శవపరీక్ష:
ఒప్పుకోలేను. ఆస్పత్రి బయట హఠాత్తుగా పోయిన 40 మంది శతాధిక వృద్ధులకు వియన్నాలో చేసిన శవపరీక్షల ఫలితాలు 2005లో వచ్చాయి. 68 శాతం మందిలో గుండె, రక్తనాళాల జబ్బు, 25 శాతం మందిలో శ్వాసకోశ వ్యాధి. జబ్బు దొరకని శరీరం ఒక్కటీ లేదు. వారిలో 60 శాతం మంది అంతకుముందు ఆరోగ్యంగానే ఉన్నారని నమోదైంది! అదే ఏడాది 115 ఏళ్ల వయసులో పోయిన డచ్ మహిళ హెండ్రిక్యే వాన్ అండెల్-షిపర్ మెదడులో అల్జీమర్స్ ఆనవాళ్లు దాదాపు లేవు. ప్రాణం తీసింది కడుపు క్యాన్సర్. వెతికితే కారణం దొరుకుతుంది.

పట్టిక:
వియన్నాలో చూసినవి హఠాన్మరణాలు, కాబట్టి గుండె వాటా పెరగడం సహజం. ఇంగ్లండ్‌లో 2001–2010 మధ్య పోయిన 35,867 మంది శతాధికుల పత్రాల్లో వృద్ధాప్యం 28 శాతం, న్యుమోనియా 18 శాతం, క్యాన్సర్ 4 శాతం పైచిలుకు. 80–84 ఏళ్లవారిలో క్యాన్సర్ 24 శాతం. అయితే ఇవి పత్రాల లెక్కలు. నూరేళ్ల మనిషికి బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేసేవారు అరుదు, కాబట్టి ఆ 4 శాతాన్ని కూడా కచ్చితమని అనుకోకండి.

శవపరీక్ష:
పత్రాలకెక్కని ఇంకో జబ్బు ఉంది. కాలేయం తయారుచేసే ట్రాన్స్‌థైరెటిన్ అనే ప్రొటీన్ మడత చెడి గుండె కండరంలో పేరుకుంటుంది. గోడలు బిగుసుకుపోయి గుండె సరిగా నిండదు. ఫిన్లండ్‌లో 85 దాటినవారి శవపరీక్షల్లో నాలుగోవంతు మందిలో ఇది కనిపించింది. ఎకోలో (గుండె అల్ట్రాసౌండ్‌లో) గోడ మందం మాత్రమే చూసి బీపీ వల్ల అనుకుంటారు. పైరోఫాస్ఫేట్ స్కాన్ (రేడియోధార్మిక మందు ఎక్కించి తీసేది), దాంతోపాటు రక్తం, మూత్రాల్లో మైలోమా (ఒక రక్త క్యాన్సర్) తరహా ప్రొటీన్ల పరీక్ష చేస్తే చాలాసార్లు బయాప్సీ లేకుండానే తేలుతుంది.

ఫారం నాలుగు:
పత్రం నింపేవారి కోసం చెబుతున్నాను. మన దేశంలో డాక్టరు మరణ కారణం ధ్రువీకరించే పత్రం ఆస్పత్రి మరణానికి ఫారం 4, ఇంటి మరణానికి 4ఏ. మొదటి భాగంలో (ఎ) వరుసలో తక్షణ కారణం, కింది వరుసల్లో దానికి దారితీసినవి, ప్రతిదాని పక్కన ఎంతకాలంగా ఉందో రాయాలి. ఉదాహరణకు: (ఎ) ఊపిరితిత్తుల్లోకి ఆహారం పోయి న్యుమోనియా, 4 రోజులు, (బి) మింగలేకపోవడం, 6 నెలలు, (సి) అల్జీమర్స్, 8 ఏళ్లు. మధుమేహం లాంటివి రెండో భాగంలో. ‘గుండె ఆగి’ అని రాయకండి. అది చావు జరిగిన తీరే, కారణం కాదు.

ఈ వయసులో న్యుమోనియాకు జ్వరం, దగ్గు ఉండకపోవచ్చు. ఒక్కరోజులో తికమక, తిండి మానడం, నిమిషానికి 25 దాటిన శ్వాస, అంతే. గుండెపోటూ ఛాతీనొప్పి లేకుండా రావచ్చు. వీటిని గమనించకపోతే అన్నీ వృద్ధాప్యం ఖాతాలోకే పోతాయి. అన్నిటికన్నా బాధ కలిగించేది తుంటి ఎముక విరగడం. జారిపడి మంచానపడి, మూడు వారాలకు పోయిన మనిషికి వృద్ధాప్యం అని రాస్తే, పడటమనే ప్రమాదం రికార్డులోంచే మాయమవుతుంది.

గోదారిగట్టు:
తుంటి విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ శవపరీక్షలో దొరికిన ప్రతి జబ్బూ చంపినది కాదు. అదే న్యుమోనియాను 70 ఏళ్లవారు తట్టుకుంటారు. నూరేళ్లకు కండ, మూత్రపిండాల సామర్థ్యం, రోగనిరోధక శక్తి అన్నీ అడుగంటి ఉంటాయి. ఆ లోటును రాసే చోటు కావాలి.

ఫారం నాలుగు:
బలహీనత రెండో భాగంలో రాయండి, చోటుంది. ఇంగ్లండ్ మార్గదర్శకాల్లో వృద్ధాప్యం ఒక్కటే రాయాలంటే వయసు 80 దాటాలి, డాక్టరు చాలాకాలంగా స్వయంగా చూస్తూ ఉండాలి, క్రమక్షీణత కళ్లారా చూసి ఉండాలి, మరో జబ్బు గానీ గాయం గానీ తెలిసి ఉండకూడదు. మన దేశంలో 2020లో నమోదైన మరణాల్లో వైద్యులు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. చివరి రోజున మాత్రమే పిలిచిన డాక్టరు ఆ షరతుల్లో రెండోదాని దగ్గరే ఆగిపోతారు.