ఎన్.ఎస్.ఎస్. ఉత్తమ వాలంటీర్లను ఏ ప్రాతిపదికన ఎంపిక చేయాలి?

ప్రశ్న: డిగ్రీ అధ్యాపకురాలు, కోస్తా ఆంధ్ర

మా కళాశాలలో జాతీయ సేవా పథకం (ఎన్.ఎస్.ఎస్.) ప్రోగ్రాం ఆఫీసర్ బాధ్యతను ఈ ఏడాది నాకు అప్పగించారు. సెప్టెంబరు 24న ఎన్.ఎస్.ఎస్. దినోత్సవం నాడు నలుగురు వాలంటీర్లను సత్కరించాలని ప్రిన్సిపాల్ గారు నిర్ణయించారు. యూనిట్‌లో వంద మంది ఉన్నారు. ఎక్కువ సేవా గంటలు ఉన్నవారిని ఎంపిక చేస్తే ఏ పేచీ ఉండదని తోటి అధ్యాపకులు అంటున్నారు. అయితే ర్యాలీలో బ్యానర్ పట్టుకుని నడిచిన గంటలూ, మా యూనిట్ దత్తత తీసుకున్న గ్రామంలోని బడిలో శనివారం శనివారం వెనకబడిన పిల్లలకు లెక్కలు చెప్పిన గంటలూ మా రిజిస్టరులో ఒకే తీరుగా నమోదై ఉన్నాయి. పైగా, రాత్రి బసకు ఇంట్లో ఒప్పుకోనందువల్ల ప్రత్యేక శిబిరానికి రాలేకపోయిన అమ్మాయిలు కొందరు ఉన్నారు. వారిని పక్కన పెట్టడానికి మనసు ఒప్పుకోవడం లేదు. అనుభవజ్ఞులు సలహా ఇవ్వగలరు.

జవాబు 1: విశ్రాంత ప్రోగ్రాం ఆఫీసర్

మేడమ్, గంటలు అర్హతకే గాని ఘనతకు కొలమానం కావు. ఏడాదికి 120 చొప్పున రెండేళ్లలో 240 గంటలు, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఒకటి పూర్తి చేయడం వాలంటీర్ అయిన ప్రతి ఒక్కరి నుంచీ ఆశించేదే. పథకం రజతోత్సవ సందర్భంగా 1993-94లో మొదలైన జాతీయ ఎన్.ఎస్.ఎస్. పురస్కారాలకు కూడా ఇవి తొలి మెట్టు మాత్రమే; వాటిలో వాలంటీర్ విభాగంలో దేశం మొత్తానికి 30 మందిని ఎంపిక చేసి లక్ష రూపాయలు, వెండి పతకం, ప్రశంసాపత్రం ఇస్తున్నారు. మీ విద్యార్థులలో ఎవరినైనా అంతదూరం పంపాలన్న ఆలోచన ఉంటే, ఆధారాలు ఈ రోజు నుంచే పోగుచేయడం మొదలుపెట్టండి.

నా హయాంలో రక్తదాన శిబిరమంటే చాలు, దుప్పటి పరిచిన మంచం మీద చేయి చాచి ఫొటో దిగినవారికే చప్పట్లు దక్కేవి. కాని మా యూనిట్‌కు నిజంగా అక్కరకు వచ్చినది ఒక విద్యార్థిని రాసిపెట్టిన నోటుపుస్తకం. అందులో రక్తవర్గాల వారీగా దాతల పేర్లు, ఎవరు చివరిసారి ఎప్పుడు ఇచ్చారో తేదీలు ఉండేవి. మగవారికి మూడు నెలలు, ఆడవారికి నాలుగు నెలలు గడువు ఉండాలి కాబట్టి, ఆసుపత్రి నుంచి ఫోను రాగానే ఎవరిని పిలవాలో, ఎవరిని పిలవకూడదో ఆ అమ్మాయికి వెంటనే తెలిసేది. అలాంటి పని రిజిస్టరులో గంటలుగా కనిపించదు. పంచాయతీ కార్యదర్శి నుంచి, బడి ప్రధానోపాధ్యాయుని నుంచి లేఖలు తీసుకుంటే ఈ కోవకు చెందినవారు బయటపడతారు.

జవాబు 2: పూర్వ వాలంటీర్, హైదరాబాద్

సార్ చెప్పినది సబబే, కాని లేఖల మీద నాకు అంత నమ్మకం లేదు. అడిగితే ఎవరైనా ఇస్తారు, పైగా అందరికీ ఒకే నమూనాలో ఇస్తారు. పని వల్ల ఏం తేలిందో చూడడం మేలు.

ఓటరు నమోదునే తీసుకోండి. 2022 నుంచి జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలల ఒకటో తేదీలను, పద్దెనిమిదేళ్లు నిండాయో లేదో చూసే అర్హత తేదీలుగా పరిగణిస్తున్నారు. పదిహేడేళ్లు నిండినవారు ముందుగానే దరఖాస్తు చేసుకోవచ్చు. కాబట్టి కళాశాలలో ఫారం 6లు (కొత్త ఓటరు నమోదు దరఖాస్తులు) కట్టలు కట్టలుగా నింపించడం పెద్ద కష్టమేమీ కాదు. చిరునామా రుజువు లేని హాస్టలు విద్యార్థినీ, అద్దె ఇంట్లో ఉండే కూలీ కుటుంబాన్నీ బూత్ స్థాయి అధికారి దగ్గరకు తీసుకెళ్లి, తిరస్కరించిన దరఖాస్తు ఎందుకు ఆగిందో కనుక్కుని మళ్లీ పెట్టించడమే అసలు కష్టం. ఎన్ని ఫారాలు నింపారని కాక, తుది జాబితాలో ఎన్ని పేర్లు చేరాయని అడిగితే సగం గొప్పలు అక్కడే ఆగిపోతాయి.

జవాబు 3: మరో ప్రోగ్రాం ఆఫీసర్

శిబిరానికి రాలేని అమ్మాయిల గురించి ఒక మాట. జాతీయ పురస్కారం నిబంధనను మీరు మార్చలేరు గాని, కళాశాల సత్కారం మీ చేతిలో పని. వారు పగటిపూట చేసిన సేవను అందరితో సమానంగా లెక్కించండి. అలాగే, మన రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులు మొదటి ఏడాది తరువాత చేసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకు క్రెడిట్లు (డిగ్రీకి లెక్కించే పాయింట్లు) ఎలాగూ వస్తాయి. దానినే మళ్లీ స్వచ్ఛంద సేవగా చూపుతూ దరఖాస్తు చేసేవారు ఉంటారు, గమనించండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. లేఖలు అడగకుండా, బడిలో శనివారం తరగతికి వచ్చిన పిల్లల హాజరు పట్టీనే ప్రధానోపాధ్యాయులను అడుగుతాను. ఓటర్ల విషయంలో తుది జాబితాతో సరిచూసే పనిని రెండో సంవత్సరం విద్యార్థులకు అప్పగించాను. సత్కారం నలుగురికే పరిమితం చేయనక్కరలేదని ప్రిన్సిపాల్ గారితో మాట్లాడి చూస్తాను. శాలువాల ఖర్చు దగ్గర ఆయన ఆగుతారేమో గాని, ప్రశంసాపత్రాలకు అభ్యంతరం చెప్పరనుకుంటున్నాను.