లెక్కల్లో ‘కొట్టేయడం’

ప్రశ్న: మా తమ్ముడి కూతురికి త్రికోణమితి సమీకరణాలు చెబుతున్నాను. సైన్ 2తీటా = సైన్ తీటా అన్న లెక్కలో ఎడమవైపుని 2 సైన్ తీటా కాస్ తీటాగా మార్చి, ‘‘పెదనాన్నా, రెండువైపులా సైన్ తీటా ఉంది, కొట్టేశాను’’ అంది. 60°, 300° వచ్చాయి. 0°, 180° మాయం. లెక్క సంగతి సరే, ఈ ‘కొట్టేయడం’ కంటే సరైన తెలుగు మాట ఉందా?

జవాబు: మాటలో తప్పు లేదండీ, అది రెండు పనులకి ఒక్కటే కావడం చిక్కు. అటు 5, ఇటు 5 కలిసి ఉంటే కొట్టేస్తాం. అది తీసివేత, భయం లేదు. సైన్ తీటాని కొట్టేయడం భాగహారం. 0° దగ్గరా 180° దగ్గరా దాని విలువ సున్నా, సున్నాతో భాగించకూడదు. కలం గీత మాత్రం రెండుచోట్లా ఒకేలా ఉంటుంది. ‘భాగించాను’ అనమనండి. ఆ మాటంటే ‘దేనితో?’ అని వెంటనే అడగాలనిపిస్తుంది. ‘కొట్టేశాను’ అంటే ఎవరూ అడగరు.

ఇంకొకరు: జేబు కొట్టేయడం అన్న అర్థంలో అయితే అమ్మాయి సరిగ్గానే చెప్పింది. రెండు సాధనలు పోయాయిగా!

ఇంకొకరు: అక్కడ కావలసిన మాట ‘ఉమ్మడి తీయడం’. తరగతిలో ‘కామన్ తీయడం’ అంటాం. అంతా ఒకవైపుకి తెస్తే సైన్ తీటా (2 కాస్ తీటా − 1) = 0. లబ్ధం సున్నా అయిందంటే కారణాంకాల్లో ఒక్కటైనా సున్నా. ‘ఈ సున్నాకి కారణం ఎవరు?’ అని పిల్లల్ని అడుగుతుంటాను. కారణాంకానికి ఇది వ్యుత్పత్తి అని కాదు, గుర్తుంటుందని. మొదటిది కారణమైతే 0°, 180°. రెండోదైతే కాస్ తీటా 1/2, అంటే 60°, 300°. ఒక చుట్టులో నాలుగు.

మొదటాయన: సైన్ తీటా అంకె కాదు కదా, కారణ‘అంకం’ అనొచ్చా?

జవాబు: బీజగణితంలో ‘ఎక్స్ − 2’ని కారణాంకం అన్న రోజే ఆ పట్టింపు పోయింది.

మొదటాయన: ‘‘దేనితో భాగించావమ్మా?’’ అని అడిగి చూశాను. కాసేపు కాగితం వంక చూసి, ‘‘ఇది సున్నా అయితేనో?’’ అంది. గీత కొట్టిన సైన్ తీటాని మళ్ళీ పైన రాసుకుంటోంది.