సిలిండర్ డైఎలెక్ట్రిక్ రెజొనేటర్ సిమ్యులేషన్: ఫ్రీక్వెన్సీ కలుస్తోంది, క్యూ అస్సలు కలవట్లేదు

ఎంటెక్_ఆర్ఎఫ్:
నమస్తే అందరికీ. ప్రాజెక్ట్ కోసం సిలిండర్ రెజొనేటర్ (సెరామిక్ బిళ్ళ) మోడ్స్, అంటే అది ఏ ఫ్రీక్వెన్సీల్లో ఏ తీరులో మోగుతుందో లెక్కేసే ఫైనైట్ ఎలిమెంట్ కోడ్ (చిన్న ముక్కలుగా కోసి లెక్కించేది) సొంతంగా రాస్తున్నా, అక్షం చుట్టూ అంతా ఒకేలా ఉంటుంది కదా అని త్రీడీ జోలికి పోకుండా ఆర్-జెడ్ (వ్యాసార్థం-ఎత్తు) ప్లేన్ ఒక్కటే మెష్ చేశా. పర్మిటివిటీ 38, వ్యాసార్థం 5.25 మిల్లీమీటర్లు, ఎత్తు 4.6, అంటే కైఫెజ్ వాళ్ళ 1984 పేపర్లో ఉన్న కేసే. టాన్ డెల్టా (సెరామిక్‌లో ఎనర్జీ నష్టం చెప్పే సంఖ్య) 0.0001, చుట్టూ దూరంగా మెటల్ డబ్బా. టీఈ01డెల్టా అనే మోడ్ 4.8 గిగాహెర్ట్జ్ దగ్గరే వస్తోంది కానీ క్యూ (ఎనర్జీ ఎంత నెమ్మదిగా పోతుందో చెప్పే సంఖ్య) మాత్రం 10 వేలు దాటిపోతోంది, పేపర్లో చూస్తే 46! పైగా హెచ్ఈఎం11 అనే ఇంకో మోడ్ కోసం ఎమ్ = 1 (అక్షం చుట్టూ ఒక చుట్టులో ఫీల్డ్ ఎన్నిసార్లు మారుతుందో ఆ సంఖ్య) పెడితే నిజంగా లేని దొంగ మోడ్స్ కుప్పలుగా వస్తున్నాయి, మెష్ సన్నం చేసేకొద్దీ ఇంకా పెరుగుతున్నాయి. సాల్వర్ మార్చెయ్యాలా?

మైక్రోవేవ్_మామ:
సాల్వర్ జోలికి పోకు తమ్ముడూ. పేపర్లో ఆ 46 రేడియేషన్ క్యూ, బిళ్ళని ఖాళీలో ఒంటరిగా వదిలేస్తే ఎనర్జీ బయటికి పారిపోయే లెక్క అది. నువ్వు మెటల్ గోడ కట్టేసి దారి మూసేశావు, ఇక మిగిలింది సెరామిక్ లాస్ ఒక్కటే, అందుకే 1/టాన్ డెల్టాకి కాస్త పైన వస్తోంది. రెండూ కరెక్టే, ప్రశ్నలే వేరు. ల్యాబ్‌లో బిళ్ళని డబ్బాలో పెట్టి కొలుస్తావా, అయితే ఆ డబ్బా కొలతలే ఇవ్వు, గోడల కండక్టివిటీ కూడా ఇవ్వు, 46 సంగతి వదిలెయ్. యాంటెన్నాగా వాడతావా, అయితే గోడ తీసేసి పీఎమ్ఎల్ (తరంగాన్ని వెనక్కి రాకుండా పీల్చేసే పొర) పెట్టు, ఫ్రీక్వెన్సీ కాంప్లెక్స్‌గా వస్తుంది, రియల్ భాగాన్ని ఇమాజినరీకి రెట్టింపుతో భాగిస్తే క్యూ. ఇంకోటి, పై మూతని బిళ్ళకి దగ్గరగా జరిపి చూడు, అక్కడ మ్యాగ్నెటిక్ ఎనర్జీ ఎక్కువ కాబట్టి టీఈ01డెల్టా ఫ్రీక్వెన్సీ పెరగాలి. తగ్గిందంటే కోడ్‌లో ఏదో తేడా ఉన్నట్టే.

ఎడ్జ్_ఎలిమెంట్:
రెండోదానికి, అంటే దొంగ మోడ్స్‌కి, నేను చెప్తా. నోడల్ ఎలిమెంట్స్ (ఫీల్డ్ విలువల్ని మెష్ మూలల్లో పెట్టేవి) వాడుతున్నావు కదూ? టీఈ01డెల్టాలో ఉండే ఎలక్ట్రిక్ ఫీల్డ్ ఈ-ఫై (అక్షం చుట్టూ తిరిగేది) ఒక్కటే, అది బిళ్ళ ఉపరితలానికి ఎప్పుడూ టాంజెంట్‌గానే ఉంటుంది కాబట్టి ఎక్కడా తెగదు, ఎలాంటి కోడ్‌కైనా దొరికేస్తుంది, దాన్ని చూసి కోడ్ బాగుందనుకోకూడదు. హెచ్ఈఎం11లో మూడు కాంపొనెంట్స్ ఉంటాయి, ఉపరితలానికి నిలువుగా ఉన్న ఎలక్ట్రిక్ ఫీల్డ్ లోపలికీ బయటికీ 38 రెట్లు మారుతుంది, నోడల్‌లో దాన్ని బలవంతంగా కంటిన్యువస్ చేసేస్తున్నావు. దానికితోడు సున్నా ఫ్రీక్వెన్సీ దగ్గరే ఉండాల్సిన గ్రేడియంట్ ఫీల్డ్స్ పైకి చెల్లాచెదురై దొంగ మోడ్స్ అవుతున్నాయి. ఈ-ఆర్, ఈ-జెడ్‌లకి (వ్యాసార్థం, అక్షం దిశల్లోని ఫీల్డ్) నెడెలెక్ 1980లో ఇచ్చిన ఎడ్జ్ ఎలిమెంట్స్ (ఫీల్డ్‌ని మెష్ అంచుల వెంబడి పెట్టేవి) పెట్టు, ఆర్ ఇంటూ ఈ-ఫైకి మామూలు నోడల్ చాలు. అప్పుడు ఆ చెత్తంతా సున్నా దగ్గరే కూర్చుంటుంది, తీసేయొచ్చు. అక్షం మీద కండిషన్ కూడా చూసుకో, ఎమ్ = 0కి ఈ-ఆర్, ఈ-ఫై సున్నా, ఎమ్ = 1కి ఈ-జెడ్ మాత్రమే సున్నా. అన్ని ఎమ్‌లకీ ఒకటే కండిషన్ పెడితే హెచ్ఈఎం11 నాశనమే.

ఎంటెక్_ఆర్ఎఫ్:
ఇద్దరికీ చాలా చాలా థాంక్స్! అవును, నోడలే, అక్షం మీద మూడూ సున్నా పెట్టేశా. మాది యాంటెన్నానే, పీఎమ్ఎల్ పెట్టగానే టీఈ01డెల్టా క్యూ 46 దగ్గరికొచ్చేసింది. ఎడ్జ్ ఎలిమెంట్స్ రాశాక హెచ్ఈఎం11 దేనితో పోల్చుకోవాలి?

ఎడ్జ్_ఎలిమెంట్:
అదే పేపర్లో 6.33 గిగాహెర్ట్జ్, క్యూ 31 దాకా. దాంతో ఆగకుండా టీఎం01డెల్టా కూడా తీయి, 7.52, క్యూ 77 దాకా రావాలి, బిళ్ళ ఉపరితలం దగ్గర ఇంటర్‌ఫేస్ సరిగా రాయకపోతే అది అస్సలు కలవదు. పీఎమ్ఎల్‌ని ఇంకాస్త దూరం జరిపి మళ్ళీ రన్ చెయ్, క్యూ కదలకపోతే నమ్మొచ్చు.