పొట్ట కొవ్వుతోనా, వీపు కండరంతోనా? రొమ్ము పునర్నిర్మాణం చేయించుకున్నవారు చెప్పండి

లెక్కల టీచరు:
నాకు 46 ఏళ్లు. క్యాన్సర్ వల్ల ఎడమ రొమ్ము తీసేశారు. కీమో, రేడియేషన్ ముగిశాయి, అది తిరగబెట్టకుండా టామాక్సిఫెన్ మాత్రలు వాడుతున్నాను. బ్లౌజులో సిలికాన్ ప్యాడ్ పెట్టుకుని ఎండాకాలం పాఠం చెప్పడం నరకం. బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తితే అది పైకి జరుగుతుంది, పిల్లల ముందు సర్దుకోలేను. ప్లాస్టిక్ సర్జన్ రెండు దారులు చూపించారు: పొత్తికడుపు చర్మం, కొవ్వు తీసి అమర్చే డీఐఈపీ ఫ్లాప్, లేదా వీపు కండరంతో చేసే ఎల్‌డీ ఫ్లాప్. నావి రెండూ సిజేరియన్ కాన్పులే. మంచాన ఉన్న మా అత్తగారిని లేపి కూర్చోబెట్టేది కూడా నేనే. "ఈ వయసులో ఎందుకు వదినా" అంది మా ఆడపడుచు. ఆ సంగతి నేను చూసుకుంటాను. కోలుకోవడం ఎలా ఉంటుందో చెప్పండి చాలు.

కుట్టుమిషను:
నాది డీఐఈపీ అండీ. పొద్దున లోపలికి తీసుకెళితే సాయంత్రానికి బయటికి తెచ్చారు. ఆ రాత్రి నర్సు గంటగంటకూ వచ్చి ఫ్లాప్ (అంటే అమర్చిన భాగం) రంగు, వెచ్చదనం చూసి, డాప్లర్‌తో రక్తం పారే చప్పుడు వినేది. రక్తనాళం మూసుకుపోతే వెంటనే మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లాలి కదా. ఇంటికొచ్చాక నన్ను బాధపెట్టింది రొమ్ము కాదు, పొట్ట. కొన్ని వారాలు నడుము వంచుకునే తిరిగాను. బరువులు ఎత్తవద్దన్నారు, మీ అత్తగారి విషయం ముందే ఆలోచించుకోండి. ఇంకొకటి, కొత్త రొమ్ము దగ్గరా, పొట్ట మీదా స్పర్శ మొద్దుబారి ఉంటుంది. వేడినీళ్ల సంచి అస్సలు పెట్టకండి, చర్మం కాలినా తెలియదు.

ఫిజియోథెరపిస్టు:
టీచరుగారూ, మీ ఇంటి పనిని బట్టి చూస్తే నేను పొట్ట వైపే మొగ్గుతాను. చేతులు ఆనించి లేవడానికీ, మనిషిని దగ్గరకు లాగి లేపడానికీ వాడేది ఆ వీపు కండరమే. అది పోయినా రోజువారీ పనులు చాలామందికి సాగిపోతాయి, కానీ మీరు చేసేది బరువు పని. పైగా వీపు నుంచి వచ్చే కండ చాలక ఎల్‌డీతో పాటు తరచుగా లోపల సిలికాన్ ఇంప్లాంట్ కూడా పెడతారు. రేడియేషన్ తగిలిన చోట ఇంప్లాంట్ చుట్టూ పొర బిగుసుకుని గట్టిపడే అవకాశం ఎక్కువ. పాత టీఆర్‌ఏఎం పద్ధతిలో పొట్ట కండరాన్నీ తీసేవారు, హెర్నియా భయం ఉండేది. డీఐఈపీలో కండరాన్ని ఉంచి, దానిలోంచి వచ్చే సన్నని నాళాలను విడదీసి ఛాతీలోని నాళాలకు కలుపుతారు. అందుకే సూక్ష్మ శస్త్రచికిత్సలు తరచుగా చేసే బృందం కావాలి. ఎల్‌డీలో నాళాలు చంక దగ్గర తెగకుండానే ఉంటాయి, ఆపరేషన్ త్వరగా అవుతుంది. సిజేరియన్ గాటు సాధారణంగా అడ్డు కాదు, రక్తనాళాలను చూపే సీటీ యాంజియో స్కాన్‌లో నాళాల దారి తెలుస్తుంది. టామాక్సిఫెన్ వల్ల రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది కాబట్టి ముందుగా ఆపాలా అని డాక్టర్లను అడగండి, సొంతంగా మాత్రం ఆపవద్దు.

లెక్కల టీచరు:
ఇద్దరికీ ధన్యవాదాలు. వేసవి సెలవుల్లో చేయించుకోవాలని ఉంది. అత్తగారు ఆ రెండు నెలలూ కూతురి దగ్గర ఉంటారు, ఈ మాట మా ఆడపడుచుకు ఇంకా చెప్పలేదు!

కుట్టుమిషను:
ముందుకు తెరుచుకునే వదులు నైటీలు కుట్టించుకుని వెళ్లండి. లోపలివైపు జేబులు పెట్టించండి, గాయంలోంచి ఊరే ద్రవం పట్టే డ్రెయిన్ సీసాలకు.